వీధిలో రాలిన బాదం ఆకుతో అపిస్టో ట్యాంక్: ఏరడం దగ్గర్నుంచి చేపపిల్లలు ఈదేదాకా

పటమటలో మా వీధి చివర ఒక బాదం చెట్టు ఉంది. సంక్రాంతి వెళ్లీవెళ్లగానే దాని ఆకులు ఎర్రబడి రాలడం మొదలవుతుంది, ఊడ్చేవాళ్లు కుప్పపోసి అంటించేలోపు నేను చేతిసంచి పట్టుకుని అక్కడుంటాను. మొదట్లో ఎదురింటి మామ్మగారు "విస్తర్లు కుడతావా బాబూ" అని అడిగారు. చేపలకండీ అంటే నమ్మలేదు. ఇప్పుడు ఆవిడే మంచివి ఏరి గోడ మీద రాయి పెట్టి ఉంచుతున్నారు. ఇవే ఆకులు ఆన్‌లైన్‌లో పదేసి చొప్పున ప్యాకెట్లలో అమ్ముతుంటే జనం కొంటున్నారు. మన బెజవాడ, గుంటూరు వీధుల్లో ఉన్నవాళ్లు ఆకు కోసం రూపాయి ఖర్చుపెట్టాల్సిన పని లేదు. కానీ ఏ చెట్టు, ఎక్కడి చెట్టు, ఎన్ని ఆకులు అన్న మూడు విషయాల్లో తప్పు చేస్తే చేపలు పోతాయి. నావి పోయాయి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది సిక్లిడ్ అనే జాతి అక్వేరియం చేపల్లో చిన్నవి పెంచేవాళ్ల కోసం. అంటే అపిస్టోగ్రామా (పొట్టిగా అపిస్టో) జాతులు, రామ్, బొలీవియన్ రామ్, క్రిబెన్సిస్ లాంటివి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ ఉన్న ట్యాంక్‌లో ఆకులు వేస్తే పొద్దున్నకి ముక్కలై ఫిల్టర్‌లో ఉంటాయి, అది వేరే కథ.

అసలు ఆకులు ఎందుకంటే, అపిస్టోగ్రామాలు పుట్టి పెరిగేది దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో నదుల్లో కలిసే చిన్న చిన్న వాగుల్లో. అడవి నీడలో పారే ఆ వాగుల అడుగున రాలిన ఆకులు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంటాయి, ఈ చేప ఆ పొరల మధ్యే తిరుగుతుంది, అక్కడే తింటుంది, గుడ్లు పెడుతుంది, పెద్ద చేప వస్తే అక్కడే దూరుతుంది. వేలెడంత కూడా లేని చేపకి అదే ఇల్లు. మనం తెచ్చి ఖాళీ గాజు ట్యాంక్‌లో నీలం గులకరాళ్ల మీద వదిలితే మూలన నక్కి రంగు పోగొట్టుకుంటుంది. అదే చేపకి అడుగున ఆకులు పరిచి చూడండి, రెండు మూడు రోజుల్లో ముందుకొచ్చి రెక్కలు విప్పుతుంది. ఒక ఆడది ఇంకోదానికి కనపడకుండా ఆకు అడ్డం ఉంటే కొట్లాటలు కూడా తగ్గుతాయి. ఇంకోటి, ఆకు కుళ్లేటప్పుడు దాని మీద కంటికి కనిపించని జీవులు పెరుగుతాయి, అప్పుడే ఈదడం మొదలుపెట్టిన పిల్లలకి మొదటి తిండి అదే.

బాదం ఆకు వేస్తే చేపలకి జబ్బులు రావు, వచ్చినవి తగ్గిపోతాయి అని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతుంటారు. ఆకు రసానికి కొన్ని రకాల బ్యాక్టీరియాని అణిచే గుణం ఉంది, ఆగ్నేయాసియాలో ఫైటర్ చేపలు పెంచేవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నారు, అంతవరకు సరే. తెల్లమచ్చలు వచ్చిన చేపకి ఆకు వేసి కూర్చుంటే మాత్రం చేప పోతుంది. మందు మందే.

మొదటి పని: ఆకు కాదు, నీళ్లు

ఏ నీళ్లు పోస్తున్నారో ముందు చూసుకోండి. మనవాళ్లు ఎక్కువమంది బోరు నీళ్లే పోస్తారు. మా బోరులో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 900 దగ్గర ఉంటుంది, గుంటూరులో కొన్ని పేటల్లో ఇంకా ఉప్పగా ఉంటాయి. ఇలాంటి నీళ్లలో కార్బొనేట్లు బాగా ఉంటాయి, దాన్నే కేహెచ్ అంటారు. ఆకులోంచి దిగే ఆమ్లాలని ఆ కార్బొనేట్లు మింగేస్తాయి. పది ఆకులు కాదు, ఇరవై వేసినా నీళ్లు టీ రంగులోకి మారతాయి తప్ప పీహెచ్ (నీళ్ల పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పెద్దగా కదలదు. "అన్నా, నీళ్లు నల్లగా అయ్యాయి, ఇంక మెత్తబడ్డట్టేగా" అని అడుగుతారు. కాదు. రంగు వేరు, నీటి గట్టిదనం వేరు. కాఫీలో పాలెన్ని ఉన్నాయో రంగు చూసి చెప్పొచ్చు, ట్యాంక్ నీళ్లలో ఉప్పెంత ఉందో అలా చెప్పలేం. రెండు మూడు వందలు పెడితే టీడీఎస్ పెన్ను వస్తుంది, కొనండి. పీహెచ్, కేహెచ్ చూసే చుక్కల మందు కూడా ఉంటే ఇంకా మంచిది.

బోరు నీళ్లు మెత్తబడాలంటే ఆర్‌వో నీళ్లు కలపడమే దారి. లెక్క సులువు. బోరు 900, ఆర్‌వో 40 అనుకోండి. ఒక పాలు బోరు, ఏడు పాళ్లు ఆర్‌వో కలిపితే 150 దగ్గరికి వస్తుంది. అపిస్టోలకి అది చాలు. ఇంట్లో ఆర్‌వో లేకపోతే వాటర్ ప్లాంట్ 20 లీటర్ల క్యాన్ తెచ్చుకోండి, కానీ తెచ్చిన ప్రతిసారీ పెన్ను పెట్టి చూడండి, కొన్ని చోట్ల రుచి కోసం మినరల్స్ మళ్లీ కలుపుతారు. మున్సిపల్ కృష్ణ నీళ్లు వచ్చేవాళ్లు అదృష్టవంతులు, బోరు కంటే చాలా నయం, కాకపోతే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ వేయాల్సిందే.

అచ్చంగా ఆర్‌వో నీళ్లే పోసి ఆకులు దండిగా వేయకండి. ఆపడానికి కార్బొనేట్లు ఏమీ లేనప్పుడు పీహెచ్ ఒక్కసారిగా కిందికి జారుతుంది, 6 కంటే బాగా దిగితే చేపల మలినాల్లోంచి వచ్చే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. అమెజాన్‌లో కలిసే రియో నీగ్రో నది నీళ్లు పీహెచ్ 4, 5 మధ్య ఉంటాయని ఎక్కడో చదివి అక్కడికి దించాలని కొత్తవాళ్లు తాపత్రయపడతారు. మనం దుకాణంలో కొనే చేపలు చాలావరకు ఫారాల్లో తరాలుగా పెరిగినవి, వాటికి అంత అక్కర్లేదు.

నీళ్లు కలపడం మావల్ల కాదు అంటారా, అప్పుడు చేపనే నీళ్లకి తగ్గట్టు ఎంచుకోండి. కాకటూ అపిస్టో, బొలీవియన్ రామ్, క్రిబెన్సిస్ కాస్త గట్టి నీళ్లు తట్టుకుంటాయి. మామూలు రామ్ బోరు నీళ్లలో ఎక్కువకాలం బతకదు, ఎంత అందంగా ఉన్నా. మన దేశపు సిక్లిడ్ ఆరెంజ్ క్రోమైడ్‌కైతే ఈ ఆకుల గోలే అక్కర్లేదు, అది ఉప్పుటేరుల దగ్గర పెరిగేది, గట్టి నీళ్లంటేనే దానికి ఇష్టం.

రెండో పని: చెట్టు తెలుసుకోవడం

ఆకుల్లో మొదటిది బాదం. జీడిపప్పు పక్కన పెట్టుకుని తినే బాదం చెట్టు కాదు, మన వీధుల్లో గొడుగులా అంతస్తులు అంతస్తులుగా పెరిగే చెట్టు, పిల్లలు కాయలు రాయితో కొట్టుకుని పప్పు తింటారే, అది. ఆకు వెడల్పు, అడుగున పరిస్తే చక్కగా కప్పుతుంది, రంగు త్వరగా దిగుతుంది, మెత్తబడి చేపపిల్లలకి తిండిగా కూడా త్వరగా మారుతుంది.

జామ ఆకు రెండోది. చిన్నది, గట్టిది, బాదం కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది, రంగు తక్కువ వదులుతుంది. నీళ్లు మరీ ముదురు రంగులో వద్దు అనుకునేవాళ్లకి ఇదే సరి. పనస ఆకు ఇంకా మందం, నెలన్నర దాటినా ఆకారం పోదు. నేను అడుగు పొర పనస, పైన బాదం వేస్తాను. మల్బరీ ఆకు రొయ్యలకి బాగుంటుంది, చేపలకి పెద్ద ఉపయోగం లేదు. ఎండిన అరటాకు కూడా కొందరు వేస్తారు, నాకు నచ్చదు, వారానికే పీచులై స్పాంజ్ ఫిల్టర్‌ని చుట్టేస్తుంది. టేకు ఆకు వాడొచ్చు, కాకపోతే నీళ్లు ఎర్రగా అవుతాయి, ముందు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి.

కాయల్లో మనకి దొరికే బంగారం సరుగుడు కాయ. సర్వి కాయ అని కూడా అంటారు. మా అత్తగారిది బాపట్ల వైపు, ఆ సముద్రం ఒడ్డు సరుగుడు తోటల కింద నడిస్తే కాళ్ల కింద ఇవే. గోళీకాయంత ఉంటుంది, ఒళ్లంతా చిన్న చిన్న నోళ్లు తెరిచినట్టు ఉంటుంది. యూరప్‌లో వాళ్లు ఆల్డర్ చెట్టు కాయలు వాడే పనికి మనకి ఇది సరిపోతుంది. కొబ్బరి చిప్ప సంగతి చెప్పక్కర్లేదు. పీచు గీకేసి, అంచున వేలు పట్టేంత గాటు పెట్టి, బోర్లిస్తే అపిస్టో ఆడదానికి అంతకంటే మంచి గది లేదు, దుకాణంలో సెరామిక్ గుహలు కొనకండి. మహాగని చెట్లున్న కాలనీల్లో దాని కాయ పగిలి చెక్క డొప్పలు రాలతాయి, అవీ మంచి అడ్డాలే, లోపలి చేదు గింజలు మాత్రం తీసి పారేయాలి. ఎండిన తామర కాయలు చూడ్డానికి బాగుంటాయి, కానీ అలంకరణ సామాను అమ్మేచోట కొన్నవి వద్దు, వాటికి రంగో వార్నిషో పట్టించి ఉంటారు.

ఇక వద్దన్నవి. ఇక్కడ తొందరపడకుండా చదవండి.

కుంకుడు కాయ, సీకాయ. ఎండి, గట్టిగా, గోధుమ రంగులో, అచ్చం ప్యాకెట్‌లో అమ్మే విదేశీ కాయల్లాగే ఉంటాయి, పైగా ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వాటిలో నురగ వచ్చేది సపోనిన్, అది చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. చేపల చెరువులున్నవాళ్లని అడగండి, చేపపిల్లల్ని వదిలే ముందు చెరువులో ఉన్న పిచ్చిచేపల్ని చంపడానికి ఇప్ప చెక్క (గింజల్లోంచి నూనె తీయగా మిగిలిన పిప్పి) చల్లుతారు, దానిలో పనిచేసేది కూడా సపోనినే. కాబట్టి ఇప్ప చెట్టువి ఏవీ వద్దు. కానుగ వద్దు, దాన్ని చేపల మత్తుకి వాడటం పాతకాలం నుంచీ ఉన్నదే. వేప వద్దు, మనకి మంచిదైనంత మాత్రాన చేపకీ మంచిది కాదు. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం సంగతి మీకే తెలుసు. యూకలిప్టస్‌లో నూనె ఉంటుంది. నల్లతుమ్మ కాయల్లో తోళ్లు పదును చేయడానికి సరిపోయేంత టానిన్ (టీకి వగరు తెచ్చే పదార్థం) ఉంటుంది, చిన్న ట్యాంక్‌లో మోతాదు మన చేతిలో ఉండదు.

పేరు తెలియని చెట్టు అయితే నేను పెట్టుకున్న కొండగుర్తు ఒకటుంది (పనసకీ పాలు కారతాయి, కానీ అది పైన చెప్పుకున్న తెలిసిన చెట్టే). తుంచితే పాలు కారే చెట్టు, నలిపితే ఘాటు వాసన వచ్చే ఆకు, గుజ్జు ఉన్న కాయ, నూనె గింజ, ఈ నాలుగూ ట్యాంక్‌లోకి వెళ్లవు. కొత్త కాయ దేన్నయినా సీసాలో నీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టి గట్టిగా కుదపండి. నురగ వచ్చి పది నిమిషాలైనా దిగకపోతే బయట పారేయండి. నీటి మీద నూనె తెట్టు రంగులు రంగులుగా మెరిసినా అంతే.

మూడో పని: ఏరడం

చెట్టు మంచిదైతే చాలదు, అది ఉన్న చోటు కూడా మంచిదవ్వాలి. మూడేళ్ల క్రితం ఊరి బయట తెలిసినవాళ్ల తోటలో జామ ఆకులు తెచ్చాను. కడిగాను, ఉడకబెట్టాను, అన్నీ పద్ధతిగానే చేశాను. పొద్దున వేస్తే సాయంత్రానికి చెర్రీ రొయ్యలన్నీ వెల్లకిలా పడ్డాయి. ఫోన్ చేసి అడిగితే వారం క్రితమే పురుగుమందు కొట్టారని తెలిసింది. ఉడకబెట్టినంత మాత్రాన పురుగుమందు పోదు. అందుకే మిరప చేలు, పత్తి చేలు, మామిడి తోటల గట్ల మీద చెట్ల జోలికి వెళ్లకండి, గుంటూరు చుట్టుపక్కల వాళ్లకి ఇది మరీ ముఖ్యం. మామిడాకు విషయం చాలామంది అడుగుతారు, నేను వాడకపోవడానికి కారణం కూడా ఈ మందులే.

ఊళ్లో అయితే ఇంటి పెరడు, గుడి ఆవరణ, స్కూలు మైదానం మంచివి. బళ్లు ఆగి ఆయిల్ కారే చోట, మురిక్కాలవ పక్కన వద్దు. బందరు కాలవ, రైవస్ కాలవ నీళ్లలో తేలే ఆకులు అస్సలు వద్దు. దోమల పొగ బండి వీధిలో తిరిగిందంటే ఆ వారం ఏరుడు మానేయండి. (అన్నట్టు, గదిలో దోమల మందు వెలుగుతుంటే మీ ఎయిర్ పంప్ ఆ గాలినే లాగి నీళ్లలోకి తోస్తుంది, పంప్‌ని వేరే గదిలో పెట్టి పైపు లాగండి.)

చెట్టు నుంచి తెంపకండి, తనంతట తాను రాలినవే తీసుకోండి. రాలే ముందు ఆకులోని చక్కెరలు, పిండి చాలావరకు చెట్టే వెనక్కి లాక్కుంటుంది, అందుకే రాలిన ఆకు నీళ్లని పాడుచేయకుండా నిదానంగా కుళ్లుతుంది. పచ్చిది వేస్తే రెండ్రోజుల్లో నీళ్లు తెల్లబడి కంపు కొడతాయి. నల్లటి బూజు మచ్చలున్నవి, పిట్టల రెట్ట ఉన్నవి, పురుగు గూళ్లున్నవి వదిలేయండి. చిన్న చిల్లులు ఉంటే ఫర్వాలేదు.

ఇంటికి తెచ్చి మామూలు నీళ్లలో రెండుసార్లు కడిగి, సబ్బు తగలనివ్వకుండా, నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టండి. చేత్తో నలిపితే గలగలమనాలి. తర్వాత న్యూస్‌పేపర్ మధ్య పేర్చి అట్టపెట్టెలో పెట్టుకుంటే ఏడాది ఉంటుంది. పురుగు పట్టకుండా బియ్యంలో వేసినట్టు వేపాకు వేయకండి, కలరా ఉండలు అసలే వద్దు. మా ఆవిడ ఒకసారి మంచి చేస్తున్నాననుకుని రెండు ఉండలు వేసింది, పెట్టె మొత్తం పారబోశాం.

నాలుగో పని: ఉడకబెట్టడం

దీనికి ఒక పాత స్టీలు గిన్నె వేరుగా పెట్టుకోండి. ఇనప మూకుడు వద్దు, టానిన్ ఇనుముతో కలిస్తే నీళ్లు సిరాలా నల్లగా మారతాయి. వంటింటి గిన్నెలు తీశారా, మీకూ ఇంట్లోవాళ్లకీ మధ్య జరిగేదానికి నా పూచీ లేదు, ఆ గోధుమ మరక ఒక పట్టాన వదలదు.

ఆకులైతే మరిగే నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు, అంతే. దుమ్ము, బూజు, పురుగు గుడ్లు పోతాయి, ఆకు మెత్తబడి మునుగుతుంది. రంగు కొంత పోతుంది కదా అంటారు, పోనివ్వండి, మనకి రంగు కంటే ఆకు ముఖ్యం. ఆ నీళ్లు చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, నీళ్లు మార్చినప్పుడు కాస్త కలపొచ్చు. నాలుగైదు రోజులు దాటితే పారబోయండి. కాయలు, చిప్పలు మాత్రం గంటసేపు ఉడకాలి, మధ్యలో నీళ్లు ఒకసారి మార్చాలి, తర్వాత రెండు రోజులు బకెట్‌లో నానాలి. కాయలు ఉడికిన నీళ్లు దాచొద్దు. ఇంకా తేలుతున్నాయంటే ఇంకో రోజు నాననివ్వండి, రాయి కట్టి ముంచాల్సిన పని లేదు.

ఐదో పని: పరవడం

రెండడుగుల ట్యాంక్ తీసుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే నిండా 56 లీటర్లు, ఇసుక గట్రా పోను యాభై లోపు. ఒక మగది, ఒకటో రెండో ఆడవి, అంతకు మించి వద్దు. అడుగున సన్నటి ఇసుక రెండు వేళ్ల మందం. అపిస్టోలు ఇసుకని నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ తిండి వెతుక్కుంటాయి, గులకరాళ్లతో అది కుదరదు. కృష్ణ ఇసుక జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వాడుకోవచ్చు, కట్టుబడి దగ్గర సిమెంటు కలిసిన కుప్పలోంచి తేవద్దు. గుప్పెడు ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలు వస్తే గవ్వల పొడి ఉన్నట్టు, అది నీళ్లని గట్టిపరుస్తూనే ఉంటుంది. సముద్రపు ఇసుక అందుకే పనికిరాదు.

ఫిల్టర్ స్పాంజ్‌దే పెట్టండి. మోటారు ఫిల్టర్ నోటికి ఆకు ముక్కలు అడ్డుపడతాయి, పిల్లలు పుడితే వాటినీ లాగేస్తుంది. బొగ్గు ఉన్న ఫిల్టర్ అయితే ఆ బొగ్గు తీసేయండి, లేకపోతే ఆకు వదిలిన రంగుని అది తాగేస్తూ ఉంటుంది.

మొదటి విడతగా ఈ ట్యాంక్‌కి రెండు పెద్ద బాదం ఆకులు, నాలుగు సరుగుడు కాయలు. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. వారం ఆగి చేపల ఊపిరి, నీళ్ల వాసన, పీహెచ్ చూసి ఇంకో రెండు ఆకులు వేయండి, అలా నెల రోజుల్లో అడుగు ముప్పావు వంతు కప్పండి. చేపలు ఇంకా రాకముందే ఈ పని మొదలుపెడితే మరీ మంచిది, రెండు మూడు వారాలు ట్యాంక్ ఆకులతో ఖాళీగా ఉంటే అన్నీ సర్దుకుంటాయి.

ముందు వైపు ఒక మూల, అరచేతి అంత చోటు, ఇసుక మాత్రం ఖాళీగా వదలండి. తిండి ఎప్పుడూ అక్కడే వేయండి. ఇది ఎవరూ చెప్పరు కానీ అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, ఎందుకంటే ఆకుల మధ్య పడిన గింజ మీకు కనపడదు, అక్కడే కుళ్లి అమ్మోనియా అవుతుంది. పైగా చేపలు అక్కడికి రావడం అలవాటు చేసుకుంటాయి, రోజూ లెక్కపెట్టుకోవచ్చు. ఒకటి తగ్గిందంటే ఆకులెత్తి చూడాల్సిందే. కొబ్బరి చిప్పలు వెనక మూలల్లో, ఒకదాని నోరు ఇంకోదానికి కనపడకుండా పెట్టండి.

నీళ్లు రంగు తిరిగాక వెలుగు లోపలికి తక్కువ వెళ్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ బతుకుతాయి, ఎర్ర మొక్కలు బతకవు.

తర్వాత ఏం జరుగుతుంది

రెండు మూడు రోజులకి నీళ్లు పల్చటి టీ రంగు. వారం దాటాక ఆకుల మీద, ముఖ్యంగా కాయల మీద, తెల్లగా జిగురుగా దూదిలా పడుతుంది. ఇక్కడే అందరికీ టెన్షన్. ఫొటో తీసి పంపుతారు, ఫంగస్ వచ్చింది, తీసేయాలా అని. తీయకండి. అది వస్తుంది, రొయ్యలో నత్తలో ఉంటే తినేస్తాయి, లేకపోతే రెండు మూడు వారాల్లో తనే తగ్గుతుంది. మరీ చూడలేకపోతే కాయని తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మళ్లీ వేయండి.

వాసన చూసుకోండి. వానకి తడిసిన మట్టి వాసన, టీ వాసన ఉంటే అంతా బాగున్నట్టే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆకులు మరీ మందంగా పేరుకుని కింద గాలాడటం లేదని అర్థం. నీళ్లు పాలలా మసకబారితే ఒక్కసారిగా ఎక్కువ వేశారన్నమాట. అప్పుడు సగం ఆకులు తీసేసి, మూడోవంతు నీళ్లు మార్చి, గాలి పెంచండి.

మే నెల గురించి

నా పెద్ద తప్పు ఇక్కడే. ఒక మే నెలలో, సెలవులు కదా అని ట్యాంక్ మొత్తం కొత్తగా సర్ది పన్నెండు ఆకులు, గుప్పెడు కాయలు ఒకేసారి వేశాను. ఆ రాత్రి కరెంటు రెండు గంటలు పోయింది. తెల్లారి లేచేసరికి నీళ్లు మసక, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, గుడ్ల మీద ఉన్న ఆడది చచ్చిపోయి ఉంది.

లెక్క ఏంటంటే, నీళ్లు వేడెక్కేకొద్దీ దాంట్లో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములు పైన పట్టేది 35 దగ్గర 7 లోపే. అదే వేడిలో ఆకులు త్వరగా కుళ్లుతాయి, కుళ్లించే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, చేపకి కూడా ఊపిరి వేగం పెరిగి ఎక్కువే కావాలి. ముగ్గురూ ఒకే గిన్నెలో చేయి పెట్టినట్టు. మన బెజవాడ ఎండకి, బయట 44, 45 ఉన్నప్పుడు, మా హాల్లో ట్యాంక్ నీళ్లు 33 దాకా వెళ్తాయి. అపిస్టోలకి 24 నుంచి 28 హాయి, రామ్‌కి 30 దాకా ఇబ్బంది లేదు.

అందుకని మార్చి నెలాఖరుకే ఆకులు సగానికి తగ్గించండి, జూన్‌లో వానలు పడేదాకా కొత్త కాయలు వేయకండి, ఉన్న ఆకుల్లో కూడా జామ, పనస లాంటి నిదానంగా కరిగేవే ఉంచండి. మూత తీసి నీటి మీదుగా చిన్న ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది, ఉక్కపోత రోజుల్లో అంత తగ్గదు. ఆవిరైన మేరకి ఆర్‌వో నీళ్లే పోయండి, బోరు పోస్తే ఉప్పు పేరుకుంటూ పోతుంది. ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంప్‌ని దానికి కలపండి, లేకపోతే బ్యాటరీతో నడిచే పంప్ ఒకటి ఇంట్లో ఉండాలి.

వేడికి ఇంకో తిరకాసు ఉంది. అపిస్టోల్లో పిల్లలు మగవా ఆడవా అన్నది గుడ్లు, పిల్లల దశలో నీటి వేడిని బట్టి కూడా మారుతుంది, వేడి ఎక్కువైతే మగవి ఎక్కువ. ఎండాకాలం ఈతలో ఆడవి దొరకడం కష్టమైతే మీ అదృష్టాన్ని తిట్టుకోకండి.

పిల్లలు వచ్చినప్పుడు

ఆడది పసుపు పచ్చగా మారి, ఒంటి మీద నల్ల గుర్తులు తేలి, చిప్పలోంచి బయటికి రాకుండా, వచ్చినా మగదాన్ని తరుముతూ ఉంటే లోపల గుడ్లున్నట్టే. చిప్ప ఎత్తి చూడకండి, ఎంత ఆత్రంగా ఉన్నా. మూడు రోజులకి పొదుగుతాయి, ఇంకో ఐదారు రోజులకి పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. ఒక సాయంత్రం ఆడది ఒక గుంపుని వెంటేసుకుని ఆకుల మీదుగా నడిపిస్తూ కనిపిస్తుంది. ఆకుకి ముక్కులు ఆనించి పిల్లలు పొడుచుకు తింటూ ఉంటాయి. అప్పుడు కావాల్సింది కొత్తగా వేసిన గట్టి ఆకు కాదు, నెల రోజులు నాని జల్లెడలా అయిన పాత ఆకు, అందుకే శుభ్రత పేరుతో పాతవన్నీ ఒకేసారి తీసేయొద్దంటాను. ఆకు మీది తిండి ఒక్కటే చాలదు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలాంటి జీవి) పిల్లల్ని రోజుకి రెండుసార్లు వేయాలి. రెండడుగుల ట్యాంక్‌లో మగదానికి ఆడది ఊపిరాడనివ్వకపోతే మగదాన్ని కొన్నాళ్లు వేరే ట్యాంక్‌లోకి మార్చండి.

ఆ రోజుల్లో నీళ్లు తీయడానికి ఎయిర్ పంప్ సన్న పైపు వాడండి, చివర పల్చటి నైలాన్ గుడ్డ కట్టి. తీసిన నీళ్లు తెల్ల బకెట్‌లోకి పట్టండి, గోధుమ నీళ్లలో పిల్ల అసలు కనపడదు, తెల్ల అడుగు మీద కనపడుతుంది. నేను ప్రతిసారీ ఒకటో రెండో గరిటెతో వెనక్కి వేస్తుంటాను.

మామూలు రోజుల్లో వారానికి ఐదోవంతు నీళ్లు మార్చడం, పదిహేను రోజులకి ఒకటి రెండు ఆకులు కొత్తవి వేయడం, పూర్తిగా బురదైపోయినదాన్ని మాత్రం ముందున్న ఖాళీ ఇసుక వైపునుంచి పైపుతో లాగడం, ఇంతే పని. ఈనెలు మిగిలిన ఆకుని నేను తీయను, రొయ్యలు దాని మీదే ఉంటాయి. లాగిన బురద, గోధుమ నీళ్లు మా కరివేపాకు కుండీకి పోస్తాను. కాలవలో మాత్రం పోయకండి, ఆ బకెట్‌లో ఒక నత్తో మొక్క ముక్కో ఉన్నా అక్కడికి చేరుతుంది.